గంజి పెట్టిన కథ

ఆ వీధిలో ఇస్త్రీ కొట్టు నడిపే ఆవిడని అందరూ గంజి అత్త అంటారు. బట్టలకి గంజి దిట్టంగా పెడుతుందని కొందరు, మనిషే గంజి పెట్టినట్టు బిర్రుగా ఉంటుందని కొందరు. రెండూ నిజమే. ఆవిడ మొగుడు సిటీ బస్సు కండక్టరు. ఆయన బస్సెక్కి నవ్వుకోవడానికి ముందొచ్చిన బస్సు వదిలేసేవాళ్ళు జనం. ఇంటి గుమ్మం బయట నిలబడి ఆయన ఏదో ఒకటనడం, నలుగురూ పొట్ట పట్టుకోవడం రోజూ ఉండేదే. లోపల్నుంచి ఆవిడ, "ఏంటండీ అంత నవ్వు?" అనేది.

"ఏం లేదులే. నీకు అర్థం కాదు," అనేవాడు. చెప్పులతో పాటు నవ్వునీ గుమ్మంలోనే విడిచి లోపలికొచ్చేవాడు. కాపురమంతా అలాగే వెళ్ళిపోయింది.

అలాంటి మనిషి బస్సు మెట్టు మీంచి జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో కాలికి బరువు కట్టి పైకి లాగి ఉంచారు. లేవడానికి లేదు, పక్కకి ఒత్తిగిలడానికి లేదు. పైకప్పు చూసి చూసి విసుగెత్తి ఒకనాడు, "నవ్వొచ్చే పుస్తకాలేవైనా పట్రావే," అన్నాడు.

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. తిండీ బట్టా కాకుండా ఆయన ఆవిణ్ణి ఇంకోటి అడగడం అదే మొదలు. ఆయన పైకి చదువుతుంటే మంచం పక్కన కూర్చుని తనూ వినొచ్చు. ఇద్దరూ కలిసి ఒకే మాటకి నవ్వొచ్చు. ఒక్కసారి చాలు. అంతకు మించి ఆశ పెట్టుకోలేదు, ఆ మాత్రం బుద్ధుంది.

బడికెళ్ళింది తక్కువే. అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటుంది. అయినా పాత పుస్తకాల కొట్టుకి తనే వెళ్ళింది.

"నవ్వొచ్చేవా? ఈ కట్టంతా అవేనమ్మా, పట్టుకుపో," అన్నాడు కొట్టాయన.

"చూడకుండా పట్టుకుపోవడానికి నీ అందం చూసి వచ్చాననుకున్నావా?"

చెక్కపెట్టె బోర్లించుకుని కూర్చుంది. లావు పుస్తకాలు అవతల పెట్టింది. వెల్లకిలా పడుకున్నవాడి చేతిలోంచి జారితే ముక్కు కూడా విరుగుతుంది. సన్నక్షరాలవీ తీసేసింది, పడ్డప్పుడు కళ్ళజోడు పగిలి ఆయన పాతది పెట్టుకుంటున్నాడు. జారిపడే జోకులున్నవీ తీసేసింది. మిగిలినవి చదవబోతే ఎందులో చూసినా పెళ్ళామే. పెళ్ళాం వంట, పెళ్ళాం నోరు, పెళ్ళాం లావు.

"ఏమయ్యా, వీళ్ళకి నవ్వుకోవడానికి పెళ్ళాం తప్ప ఇంకేం దొరకలేదా?"

"అవే అమ్ముడవుతాయమ్మా. కొనేవాళ్ళంతా మొగుళ్ళు."

"ఇవాళ కొనేది పెళ్ళాం. లేనివి తియ్యి."

తవ్వి తవ్వి కొన్ని తీశాడు. అందులో ఒక గుమస్తా కథ ఉంది. తాళంచెవి ఎక్కడ పోతుందోనని దాన్ని ఇంట్లో భద్రంగా దాచి, బయట తాళం నొక్కేసి ఆఫీసుకెళ్తాడు. అక్కడికొచ్చేసరికి గంజి అత్త కొట్టంతా వినపడేలా నవ్వింది. ఆ పుస్తకం పైన పెట్టి కట్ట కట్టించుకుంది.

మర్నాడు, తను ఇంకా కూడబలుక్కుంటున్న ఒకటి తప్ప మిగతా పుస్తకాలిచ్చింది. "అక్కడ పెట్టు," అన్నాడు. మొదటి రోజు కదా అనుకుంది.

ఆ తరవాత ఉతికిన తువ్వాళ్ళు తీసుకుని వెళ్ళేసరికి వార్డు తలుపు దగ్గరే ఆయన గొంతు వినపడింది. బస్సులో గొంతు.

"మా ఇంటావిడ ఉంది చూశారూ, మహా జాగ్రత్త మనిషి. తాళంచెవి పోతుందని ఏం చేసిందో తెలుసా..."

వార్డంతా గొల్లుమంది. నర్సమ్మ చేతిలో మందుల పళ్ళెం ఊగిపోయింది. అంతలో ఆయన ఆవిణ్ణి చూశాడు. మొహం మామూలైపోయింది.

"తువ్వాళ్ళు తెచ్చావా?"

పక్క మంచంలో తాపీ మేస్త్రి, చెయ్యి విరిగి కట్టుకట్టించుకున్నవాడు, "అక్కా, తాళంచెవి చేతిలోనే ఉందా ఇవాళ?" అన్నాడు. మళ్ళీ గొల్లు.

గంజి అత్త తువ్వాళ్ళు అంచుకి అంచు కలిపి పెట్టి వచ్చేసింది. ఏరి ఏరి పెళ్ళాం లేని పుస్తకం తెస్తే, తెచ్చిన పెళ్ళాన్నే అందులో దూర్చాడు మహానుభావుడు! ఒళ్ళు భగ్గుమంది.

కట్టలో ఇంకా ఇవ్వని పుస్తకం ఒకటి మిగిలింది. అందులో ఇంటి ఓనరు కథ. అద్దెకున్నవాడు ఇంట్లో ఉన్న ఓనరు సామాన్లు అమ్ముకుంటున్నాడని అనుమానమొచ్చి, పట్టుకుందామని ఓనరు బీరువాలో దాక్కుంటాడు. కథ చివరి ముక్క ఉన్న ఆకులు రెండూ ఆవిడ అంచులమ్మట గంజితో అతికించి, సన్నసెగ మీద ఇస్త్రీ చేసింది. అతుకు కనపడితే ఒట్టు.

పుస్తకం చేతికివ్వగానే వార్డు ఊరుకుంటుందా? "కండక్టర్ గారూ, కొత్త సరుకొచ్చింది, చదవాలి!" అన్నారు. ఆయన రాగం తీస్తూ చదివాడు. ఓనరు బీరువాలో దూరాడు. అద్దెకున్నవాడు తాళం చేతపట్టుకుని వచ్చాడు. ఆయన ఆకు తిప్పితే రెండు కలిసి లేచాయి, విడదీయబోయాడు. రాలేదు. గోరు పెట్టాడు, ఉమ్మి తడి చేశాడు. ఉహుఁ.

"తరవాత?" అన్నాడు మేస్త్రి.

"అచ్చేసినవాడు వెధవ."

"అతికించింది నేను," అంది గంజి అత్త. "కథ నాకొచ్చు. అడగండి, చెప్తాను."

మేస్త్రి బతిమాలాడు, "చెప్పక్కా!"

"నువ్వు కాదు తమ్ముడూ. ఆయన అడగాలి."

అటు తిరిగి పడుకుందామంటే కాలు కట్టేసి ఉందాయె. మెడ మాత్రం తిప్పుకుని కళ్ళు మూసుకున్నాడు. అడగలేదు.

ఇంటికొచ్చాకా అడగలేదు. చేతికర్ర పట్టుకుని కొట్టు వెనకగదిలో కుర్చీలో కూర్చుంటాడు. పుస్తకం ఎదుటి అరలోనే ఉంది. తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆ ఆకులు ఇట్టే విడిపోతాయి. ఒక్క మాట అడగాలి, అంతే.

ఒకనాడు మేస్త్రి చొక్కా పట్టుకొచ్చాడు. "అక్కా, ఆ బీరువా ఏమైంది? కట్టు విప్పారు గానీ అది మాత్రం లోపల సలుపుతూనే ఉంది."

చొక్కా మీద నీళ్ళు చిలకరిస్తూ గొంతు తగ్గించి చెప్పింది. "ఏమవుతుంది? అద్దెకున్నవాడు బయట తాళం బిగించి పాత సామాన్లవాడికి అమ్మేశాడు. వాడు ఆ వీధీ ఈ వీధీ తిప్పి ఓనరు గుమ్మంలోకే తెచ్చాడు. ఓనరు పెళ్ళాం బేరం మొదలెట్టింది. 'లోపలేదో కదుల్తోంది, ఎలకలు పట్టిన బీరువా, సగానికైతే ఇచ్చి పో' అంది. ఇంక లోపలున్న ఓనరు నోరెత్తితే పరువు పోతుంది, ఎత్తకపోతే ఎలకవుతాడు."

మేస్త్రి గోడ పట్టుకుని నవ్వాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. ఆవిడా నవ్వింది.

వెనకగదిలోంచి వినపడింది. "ఏమే... ఏంటంత నవ్వు?"

ఆ ప్రశ్న కోసమే కదా ఇన్నాళ్ళూ కాచుకుంది. కథంతా నాలిక చివరే ఉంది.

"ఏం లేదులెండి," అంది. "మీకు అర్థం కాదు."

ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు. లోపల చేతికర్ర నేలకి తగిలింది, కుర్చీ కిర్రుమంది. లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఇంకొక్కసారి అడుగుతాడేమోనని ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని నిలబడింది. మేస్త్రి నవ్వు ఆపేశాడు.

అడగలేదు. ఆవిడ చొక్కా కాలరు మీద పెట్టె ఆనించి, ఆవిరి లేచేదాకా నొక్కింది.