స్నాగ్ లిస్టులో పదకొండో పని

కోవిడ్ మాస్కులు గడ్డం కిందికి జారిన ఏడాది. నేనొక కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజనీరుని. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మూడు ఊళ్లలోనూ మా పనులు నడిచేవి. ఇది ఏ ఊళ్లో జరిగిందో చెప్పను. మూడు ఊళ్లవాళ్లూ తమది కాదనుకుంటే నాకు హాయి. తమదే అనుకుంటే రోడ్లకు మంచిది.

పని చిన్నది. మెయిన్ రోడ్డు మలుపులో వాననీళ్లు నిలవకుండా రోడ్డుకు అడ్డంగా కాలువ కట్టి, పైన గ్రేటింగ్ వేయాలి. గ్రేటింగ్ అంటే ఇనుప కమ్మీల జాలీ. నీళ్లు కిందికి దిగాలి, బండ్లు పైన పోవాలి. కమ్మీలు బండ్లు పోయే దిశకు అడ్డంగా ఉండాలని డ్రాయింగులో స్పష్టంగానే ఉంది. మా కాలువ మాత్రం డ్రాయింగు కన్నా కాస్త ఇరుకుగా వచ్చింది. తెచ్చిన జాలీలు అందులో కూర్చోలేదు. తిప్పి పెడితే ముద్దుగా కూర్చున్నాయి. కమ్మీలు రోడ్డు పొడవునా అయ్యాయి. "నీళ్లు ఇంకా బాగా దిగుతాయి సార్" అన్నాడు మేస్త్రీ. సరేనన్నాను.

తర్వాత లోడ్ టెస్ట్, అంటే బరువు మోపి చూడటం. టమోటా క్రేట్లతో నిండిన లారీ డ్రైవరుని బతిమాలి రెండుసార్లు దాని మీద నడిపించాం. జాలీ కదల్లేదు. అందరం ఫోటో దిగాం.

మర్నాడు ఉదయం ఒకాయన సైకిలు దిగి, నడిపించుకుంటూ జాలీ దాటి నా దగ్గర ఆగాడు. యాభై దాటి ఉంటాయి. హ్యాండిలుకు అన్నం క్యారియరు వేలాడుతోంది. పేరు రెడ్డెప్ప. అవతలి వీధిలోని మగ్గాల షెడ్డులో పట్టుచీరలు నేస్తాడు, రోజూ పల్లె నుంచి సైకిలు మీద వస్తాడు.

"సార్, ఈ కమ్మీలు అడ్డం గదా ఉండాల? నిలువుగా ఏసినారే."

"నిన్న లారీయే పోయిందన్నా. నీ సైకిలెంత?"

"బరువు మాట గాదు సార్. లారీ టైరుకు సందు కనపడదు. నా చక్రం దాంట్లోకే దిగతాది."

"అయితే లారీ కొనుక్కో అన్నా."

మేస్త్రీ పగలబడి నవ్వాడు. రెడ్డెప్ప కూడా నవ్వాడు, మర్యాద తెలిసిన మనిషి. "కొంటే నిన్నే డ్రైవరుగా పెట్టుకుంటా సార్" అని సైకిలెక్కి పోయాడు.

ఆయన పోయాక వంగి చూశాను. సందులో నా రెండు వేళ్లు సులువుగా దూరాయి. అడ్డంగా నాలుగు పట్టీలు వెల్డింగ్ చేస్తే సరిపోతుంది, పూట పని. వెల్డరు వేరే ఊరి సైటులో ఉన్నాడు. స్నాగ్ లిస్టులో రాసుకున్నాను. పని అప్పజెప్పేముందు మిగిలిన చిల్లర పనుల జాబితా అది. మా లైనులో దాన్ని పైనుంచి కిందికే చేస్తారు. మొదటిది ప్రారంభోత్సవం రాయికి పాలిష్. పదోది రోడ్డు అంచు రాళ్లకు రంగు. పదకొండోది జాలీ.

మూడు రోజులకు రెడ్డెప్ప మళ్లీ ఆగాడు.

"యాడికొచ్చింది సార్ మన జాలీ?"

"లిస్టులో ఉండాదన్నా."

"లిస్టు మింద సైకిలు పోదు గదా సార్."

"నాలుగు దినాలు నడిపించుకోని పోన్నా."

"అట్లే పోతాండా."

తొమ్మిదో పని నడుస్తున్న రోజు సాయంత్రం వాన పడింది. జాలీ మీద నీళ్లు పరుచుకున్నాయి. నేను ఎదురుగా టీ అంగడి రేకుల కింద నిలబడి ఉన్నాను. సైకిలు మీద వస్తున్న రెడ్డెప్ప జాలీ ముందు దిగబోతూ ఒక కాలు కిందికి దించాడు కూడా. వెనక బస్సు హారన్ మోగించింది. దిగే తీరిక లేక పక్కకు జరిగాడు. ముందు చక్రం కమ్మీల సందులోకి ఇరుసు దాకా దిగింది, మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరి పడ్డాడు.

లేపి కూర్చోబెడితే నుదురు చిట్లి రక్తం కారుతోంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. "చెయ్యి సూడు సార్, చెయ్యి" అంటున్నాడు. కుడి మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు.

వెల్డరు మర్నాడు పొద్దున్నే వచ్చాడు. టిఫిను వేళకు పని అయిపోయింది.

ఆస్పత్రిలో ఎముకకు ప్లేటు వేశారు. వరండా బెంచీ మీద ఆయన భార్య ఈశ్వరమ్మ కూర్చుని ఉంది.

"ఆయప్ప నీకు ముందే సెప్పినాడంట గదా సార్?"

"సెప్పినాడమ్మా. రెండు తూర్లు."

ఆమె తిట్టలేదు. తిట్టుంటే నాకు తలొంచుకునే పనైనా దొరికేది. బెంచీ మీద పక్కకు జరిగి, "కూర్సో సార్" అంది.

పోలీసు కాగితాల్లో 'సెల్ఫ్ ఫాల్' అని రాశారు, అంటే తనంతట తాను పడ్డాడని. జాలీ తిప్పి వేయడానికి సరేనన్నది నేనేనని రాసిచ్చి వచ్చాను. మా కాంట్రాక్టరుకు నిజాయితీ మీద గౌరవముంది, నన్ను వెంటనే ఇంకో ఊరికి పంపించాడు.

కొన్ని నెలల తర్వాత మగ్గాల షెడ్డుకు వెళ్లాను. మగ్గం మీద కుడిచేత్తో తాడు లాగితే నాడె దారం తీసుకుని అటూ ఇటూ పరుగెత్తుతుంది. రోజంతా లాగాలి. ఆయన మగ్గంలో వేరే మనిషి కూర్చుని ఉన్నాడు. రెడ్డెప్ప గోడవారన దారం కండెలు చుడుతున్నాడు.

"ఎట్లుండాదన్నా చెయ్యి?"

"అన్నం కలపతాది సార్. తాడు లాగల్యాదు."

ఆయనే మళ్లీ అన్నాడు: "జాలీ ఇప్పుడు బాగా ఏసినారు సార్. సైకిళ్లు బాగా పోతాండాయి."

అప్పట్నుంచి నా సైట్లలో లిస్టు వరుస మారింది. మనిషి పడే పని ముందు, రాయికి పాలిష్ చివర. పని అప్పజెప్పే ముందు సైకిలు మీద పనికి పోయేవాళ్లను ఆపి, ఎక్కడ భయమేస్తుందని అడుగుతాను. ఆలస్యమవుతున్నా ఆగి చెబుతారు. ఎగతాళి చేయకుండా రాసుకుంటాను. ఇంత చిన్న సంగతి నేర్చుకోవడానికి నాకు పోయిందేమీ లేదు. రెడ్డెప్ప కుడిచేతికి బ్రేకు నొక్కే పట్టు లేదు. సైకిలు మానేసి పల్లె నుంచి షెడ్డు దాకా నడిచే వస్తున్నాడు.