టైటస్ అన్న ఆపిన పాట

టైటస్ అన్నకు ఆగకూడని చోట ఏది ఆగినా ఒళ్లు మండుతుంది. ఎదుటివాడు మాట మధ్యలో దగ్గితే, "ఆ మాట అయినాక దగ్గగూడదా?" అంటాడు. ఒకసారి గూడూరు బస్సు మలుపులో ఆగితే, కిందికి దిగి డ్రైవరుకు ఎక్కడ ఆపాలో పాఠం చెప్పొచ్చాడు.

అది ఆయన పనితో వచ్చిన జబ్బు. గూడూరు దగ్గర కోట అనే ఊళ్లో ఆయనది వీడియో స్టూడియో. పక్క గదిలో నేను డిస్కుల అట్టలు తయారుచేస్తాను. చేతిలోకి ఫోన్లొచ్చినా మా తీరంలో చర్చిల వాళ్లకు పాటలు డిస్కులోనే కావాలి. వీడియో పెద్దదైతే రెండు పొరల డిస్కు. ఒక పొర అయిపోయి రెండోదానికి మారేటప్పుడు బొమ్మ రెప్పపాటు ఆగుతుంది. ఆ ఆగే చోటు ఎక్కడుండాలో టైటస్ అన్నే వెతికి పెడతాడు.

"ఆ చోటేదో కంప్యూటరే చూసుకుంటుంది కదన్నా?" అన్నాను ఓసారి.

"దానికేం తెలుసు నరేంద్రా? పాస్టరు గారు ఆవలించేటప్పుడు ఆపుతాది. చెన్నై ఫ్యాక్టరీలో అచ్చేసినారంటే ఇంటింటా అయ్యగారు నోరు తెరుచుకోనుంటారు!"

చోటు తేలకపోతే సముద్రం ఒడ్డున కూర్చునేవాడు. ఒక అల వెనక్కి జారి, ఇంకొకటి లేవబోయే ముందు నీళ్లు గాజులా నిలుస్తాయి. దాన్నే చూస్తూ, "ఆగింది... ఆగింది... పోయింది," అని గొణిగేవాడు. పక్కన కూర్చుంటే నాకూ సగం నిద్ర, సగం కల. అలలు ఈయన్ని అడిగే వస్తున్నాయేమో అనిపించేది. ఆయన డిస్కులో పొర ఎక్కడ మారిందో ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు. అదే ఆయన గర్వం.

మొన్న చర్చిలో పాడే పెద్దావిడ రెబెక్కమ్మ గారి పాటను ఆ ఒడ్డునే తీశాం. ఆవిడ కాక మేమిద్దరమే ఉన్నాం. పాట మధ్యలో ఆవిడ చరణం మరిచిపోయి, అలా నిలబడిపోయారు. తర్వాత అందుకుని పూర్తిచేశారు గానీ, మళ్లీ పాడమంటే ససేమిరా అన్నారు.

"నా పాట తీసెయ్యి నాయనా. నా మతిమరుపు ఊరూరా చూపించబాక," అన్నారు కళ్లు తుడుచుకుంటూ.

"నేను చూసుకుంటాలే పెద్దమ్మా," అన్నాడు టైటస్ అన్న.

డిస్కులు అచ్చయి వచ్చాయి. చర్చిలో అందరి ముందూ టీవీలో వేశారు. పాట తేలిపోతూ తేలిపోతూ, సరిగ్గా మధ్యలో ఆగింది! మరుక్షణం చరణం అందుకుంది.

"ఏంది టైటసూ, నీ డిస్కు కూడా ఆగిందే!" అన్నాడు ముందు బెంచీలో కూర్చున్న హెబ్రోను మామ. చర్చంతా గొల్లున నవ్వింది.

అప్పుడు అర్థమైంది నాకు. ఆవిడ చరణం మరిచిపోయి నిలబడ్డ ఆ మౌనాన్ని టైటస్ అన్న కోసేసి, అతుకు కనబడకుండా పొర మారే చోటు అక్కడే పెట్టాడు.

టైటస్ అన్న తల గోక్కున్నాడు. "నాదే తప్పు మామా. సరిగా చూసుకోలేదు."

అందరికన్నా గట్టిగా గదమాయించింది రెబెక్కమ్మ గారే.

"ఏం పని నాయనా ఇది? నేను చక్కగా పాడతా ఉంటే మధ్యలో ఆపేస్తావా?"