ఆరో స్పీకరు

దెయ్యాలు, గాలీ ధూళీ అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఇప్పుడు నేను రాయబోయేది వేరే ఎవరైనా వచ్చి నాకు చెప్పి ఉంటే, పూర్తిగా వినకుండానే లేచి వెళ్లిపోయేవాణ్ణి.

నేను అనకాపల్లిలో ఆడియో మెకానిక్‌ని. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. ఒకప్పుడు టేప్‌రికార్డర్లు, తర్వాత ఆంప్లిఫయర్లు, ఇప్పుడు హోమ్ థియేటర్లు. స్పీకర్లోంచి ఎవరో మూలుగుతున్నారని నన్ను పిలిచినవాళ్లు ఉన్నారు. వెళ్లి చూస్తే ఎర్త్ సరిగా లేక గుయ్యిమంటూ ఉంటుంది. ఒకావిడైతే స్పీకరుకి నిమ్మకాయలు కట్టింది. ఆ నిమ్మకాయలు విప్పి ఆవిడ చేతిలోనే పెట్టి, ఎర్త్ వైరు బిగించి వచ్చాను. మూలుగు పోయింది.

నాకు కోపం కూడా ఎక్కువే. పనిచేస్తుంటే పక్కన ఎవరైనా మాట్లాడితే సహించలేను. ఆ కోపమే ఆ రోజు నా కొంప ముంచింది.

పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్నే సూరిబాబు ఫోన్ చేశాడు. బెల్లం వ్యాపారి. నాకు చుట్టరికమేమీ లేదు గానీ చిన్నప్పటి నుంచి బావా అంటే బావా అని పిలుచుకుంటాం.

"బావా, సౌండు కాసింత పెంచితే సాలు, టప్పుమని ఆగిపోతంది. ఎర్ర లైటు కొట్టుకుంటంది. ఓసారొచ్చి సూడవా?" అన్నాడు.

అతని మేడ మీద థియేటర్ గది అమర్చింది నేనే. అప్పటికి ఏడాది అయింది. పద్దెనిమిది అడుగుల పొడవు, కిటికీల్లేవు, గోడలకు అంతా ఫోమ్. తలుపు కూడా మామూలుది కాదు. చప్పుడు బయటికి పోకుండా మందంగా చేయించి, అంచుల్లో రబ్బరు వేయించాను. మూస్తే డబ్బాకి మూత పెట్టినట్టు బిగుసుకుంటుంది. ఆ తలుపు చూసి అప్పట్లో ఎంత మురిసిపోయానో.

పదిన్నరకి వెళ్లాను. ముందు కరెంటు చూశాను. స్టెబిలైజరులో వోల్టేజీ సరిగానే ఉంది. స్పీకర్లన్నిటికీ సౌండు పంపే రిసీవరు వెనక వైర్లన్నీ పీకేసి ఆన్ చేస్తే ఆగకుండా నడిచింది. అంటే మిషను బాగానే ఉంది, లోపం వైర్లలో ఉంది. ఒక్కొక్క స్పీకరే తగిలిస్తూ వెళ్తే ఎడమ పక్కదాని దగ్గర దొరికింది. వైరు చివర ఒక రాగి పోగు విడిపోయి పక్క టెర్మినల్‌ని తాకుతోంది. సౌండు పెంచేసరికి షార్టయి, రిసీవరు తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. పోగులన్నీ మెలిపెట్టి బిగించాను. ఇరవై నిమిషాల పని.

వైర్లన్నీ పీకాను కాబట్టి సెట్టింగు మళ్లీ చేయాలి. దానికొక పద్ధతి ఉంది. కూర్చునే చోట ఒక చిన్న మైకు పెడతాం. రిసీవరు ఒక్కో స్పీకరులోంచి "ష్ష్" అని చిన్న చప్పుడు పంపుతుంది. అది మైకుని చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఏ స్పీకరు ఎన్ని అడుగుల దూరంలో ఉందో తెర మీద చూపిస్తుంది. స్పీకరు తగిలించని చోటు నుంచి చప్పుడు రాదు కాబట్టి అక్కడ "లేదు" అని చూపిస్తుంది. ఇదంతా జరిగేటప్పుడు గదిలో చీమ చిటుక్కుమనకూడదు.

కిందటేడు ఇదే పని మధ్యలో సూరిబాబు తలుపు తీసి, టీ తాగుతావా అని అడిగాడు. నేను వాళ్ల అమ్మగారి ముందే ఇంత ఎత్తున లేచాను. ఈసారి ముందే చెప్పాను. "ఏ సప్పుడొచ్చినా తలుపు తియ్యకండి. దబదబలాడినా సరే. తీసేరో, సామాను సద్దుకుని పోతాను. పనయ్యేక నేనే వత్తాను." ఏసీ స్విచ్చు తలుపు బయట ఉంది. అది ఆపించాను. ఫోను మోగితే కొలత చెడిపోతుందని నా ఫోను కూడా బయట బల్ల మీద పెట్టించాను. ముసలావిడా సూరిబాబూ బయట హాల్లో కూర్చున్నారు. నేను తలుపు వేసుకున్నాను.

ఆ గదిలో ఉన్నవి ఐదు స్పీకర్లు, బాస్ పెట్టె ఒకటి. మైకు సోఫాలో పెట్టి, తలుపు పక్క మూలలో కదలకుండా నిలబడ్డాను. కొలత అయింది. ముందు మూడు, పక్కల రెండు, బాస్ పెట్టె, అన్నీ సరిగ్గా ఉన్నాయి. కింద ఇంకో వరస ఉంది. వెనక స్పీకరు: ఉంది. తొమ్మిది అడుగులు.

వెనక స్పీకరు లేదు. ఆ టెర్మినల్లో వైరే లేదు. వెళ్లి వేలు పెట్టి మరీ చూశాను. సోఫాకి తొమ్మిది అడుగుల వెనక ఉన్నది ఉత్త గోడ. మిషను ముదిరిందిరా అని తిట్టుకుని, దూరం టేపుతో కొలుద్దామని, టేపు బండి డిక్కీలో ఉండిపోయింది కాబట్టి తలుపు దగ్గరికి వెళ్లాను.

పిడి తిప్పితే ఊడి చేతిలోకి వచ్చేసింది.

లోపలి పిడినీ బయటి పిడినీ కలిపే కడ్డీ ముక్క కన్నంలో కనిపిస్తోంది. అక్కడ నిదానంగా ఉండాల్సింది. కోపంతో స్క్రూడ్రైవరు దూర్చి గట్టిగా తిప్పబోయాను. కడ్డీ బయటివైపుకి జారిపోయింది. పట్టకారు కొనకి కూడా అందలేదు. తలుపు మడతబందులు కూడా బయటే ఉన్నాయి. ఇక లోపలి నుంచి తీసే దారి లేదు.

మొదట భయం వేయలేదు, మంట పుట్టింది. వడ్రంగిని తిట్టాను, సూరిబాబుని తిట్టాను. తలుపు మీద గుద్దాను, కాలితో తన్నాను, గొంతు చించుకున్నాను. ఎవరూ రాలేదు. రారు కూడా. ఏ చప్పుడొచ్చినా తీయొద్దని చెప్పింది నేనే కదా. ఆ సంగతి గుర్తొచ్చేసరికి తన్నడం ఆపేశాను.

అప్పుడు, గది వెనక నుంచి, "ష్ష్" అని వినిపించింది.

టెస్టు నడుస్తోందేమోనని తెర వైపు చూశాను. నడవడం లేదు. కొలతల పేజీ అలాగే ఉంది. ఏదో స్పీకరు బుసకొట్టి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. నిజంగా మిషను లోపమే అయితే ఇంకోసారి కొలిస్తే వేరే అంకె వస్తుంది. చేతులు ఊరికే ఉంచలేక కొలత మళ్లీ పెట్టాను. ఈసారి చెవులు రిక్కించి విన్నాను. ఐదు స్పీకర్లూ వరసగా మోగాయి. వెనకదాని వంతు వచ్చేసరికి, సోఫా వెనక ఖాళీ జాగాలోంచి వచ్చింది. మిషను చప్పుడులా లేదు. మనిషి పళ్ల మధ్య నుంచి అన్నట్టు, చివర కాస్త తడిగా ఉంది. తెర మీద ఐదింటి దూరాలూ మారలేదు. వెనకది ఆరడుగులు అయింది.

మళ్లీ తలుపు బాదాను. ఈసారి కోపంతో కాదు. "బావా! అమ్మా!" అని అరిచాను. అరుపు ఆగకముందే వెనక నుంచి మళ్లీ "ష్ష్". ఇంకా దగ్గర్నుంచి.

మిషను తప్పని రుజువు చేసుకోవాలని నాలోని మెకానిక్ ఇంకా కొట్టుకుంటున్నాడు. మైకు వైరు పొడవైనదే. మైకు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చి, వీపు తలుపుకి ఆనించి మూడోసారి కొలిచాను. తలుపు తెర పక్కనే ఉంది. గదిలో వెనక గోడకి అన్నిటికన్నా దూరంగా ఉన్న చోటు అదే. అనుకున్నట్టే ముందు స్పీకర్ల దూరం తగ్గింది, పక్కవాటి దూరం పెరిగింది. నా లెక్కకి ఒక్క అడుగు కూడా తేడా రాలేదు. అంటే మిషను చక్కగా కొలుస్తోంది. వెనక స్పీకరు మాత్రం రెండడుగులు అని చూపించింది.

నా ముందు రెండడుగుల దూరంలో ఏమీ లేదు. దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. కార్పెట్టు, దాని మీద నా పనిముట్ల సంచీ, అంతే.

అప్పుడు కరెంటు పోయింది.

మిట్టమధ్యాహ్నం, బయట ఎండ మండిపోతూ ఉంటుంది. లోపల మాత్రం నా చెయ్యి నాకే కనబడలేదు. ఇంట్లో మిగతా అంతటికీ ఇన్వర్టరు ఉంది కాబట్టి బయటివాళ్లకి కరెంటు పోయిందని కూడా తెలియదు. రిసీవరు చచ్చి పడుంది. ఇక ఏ చప్పుడు వచ్చినా దాని మీదికి నెట్టడానికి లేదు. దేవుడా అనుకుని బలమంతా కూడదీసుకుని ఒక్క కేక పెట్టాను.

"ష్ష్."

కుడి చెవి దగ్గర.

అక్కడితో ఒక విషయం అర్థమైంది. నేను నోరు తెరిచినప్పుడల్లా అది దగ్గరికి వస్తోంది. నోరు మూసుకుంటే ఎక్కడిదక్కడ ఆగుతోంది. కానీ నోరు మూసుకుంటే నేను లోపల చిక్కుకున్నానని బయట ఎవరికి తెలుస్తుంది? ఏసీ లేదు, గాలి లేదు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది, ఊపిరి బరువైంది. నాకు బీపీ ఉంది. అరిస్తే ఒక చావు, అరవకపోతే ఇంకో చావు అనిపించింది. నా భార్య గుర్తొచ్చింది. పొద్దున్న చట్నీలో ఉప్పు ఎక్కువైందని ఆవిడ మీద అరిచి వచ్చాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కూడా వినబడకుండా అరచెయ్యి నోట్లో కుక్కుకున్నాను.

చివరికి నోరు మూసుకోవడానికే నిశ్చయించుకున్నాను. ధైర్యంతో కాదు, ఇంకోసారి ఆ చప్పుడు వినలేక. తలుపుకి ఆనుకుని కింద కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలియదు.

తలుపు తెరుచుకుంది. నేను వెనక్కి, హాల్లోకి వెల్లకిలా పడ్డాను. పైన సూరిబాబు వాళ్ల అమ్మగారు టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"సప్పుళ్లు ఆగిపోయేయి గదా నాయినా, పనైపోయిందేటోనని తీసేను. ఓలమ్మ, ఏటిలాగయిపోయేవు?" అంది.

గడియారం ఒంటిగంట దాటింది. మంచినీళ్లు తాగేక సూరిబాబు మీద విరుచుకుపడ్డాను. అంతసేపు బాదితే వినబడలేదా అని.

"వినబడింది బావా. నువ్వే గదా దబదబలాడినా తియ్యొద్దన్నావు! బాస్ పెట్టె టెస్టు సేత్తన్నావనుకున్నాం. మజ్జలో ఓపాలి లేచొద్దామనుకున్నాను గానీ, నువ్వు మమ్మల్ని 'ష్' అన్నావు. కోపమొచ్చినట్టుంది, కదలకురా అని అమ్మంది" అన్నాడు.

నా అరుపులు వినబడ్డాయా అని అడిగాను. లేదన్నాడు. గుద్దులు మాత్రమే వినబడ్డాయట. "ష్" మాత్రం పక్కనే కూర్చుని అన్నట్టు వినబడిందట, మూడు నాలుగు సార్లు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. అలాంటి తలుపులోంచి గుద్దులు, బాస్ లాంటి లావు చప్పుళ్లు కొంత బయటికి వస్తాయి. "ష్" లాంటి సన్న చప్పుడు రాదు. అన్నిటికన్నా ముందు ఆగిపోయేది అదే. నా అరుపే దాటని తలుపుని అది ఎలా దాటుతుంది?

తేల్చుకోకుండా అక్కడి నుంచి కదల్లేకపోయాను. కరెంటు వచ్చేక సూరిబాబుని లోపలికి పంపి, నాలుగుసార్లు గట్టిగా "ష్" అనమన్నాను. ఎందుకని చెప్పలేదు. తలుపు మూసి, బయటి పిడి మీంచి చెయ్యి తీయకుండా చెవి తలుపుకి ఆనించాను. ఏమీ వినబడలేదు. అతను లోపలున్నది ఒక్క నిమిషమే. తలుపు తీశాను.

సూరిబాబు నవ్వుతూ బయటికి వచ్చాడు. "నాలుగన్నావని నాలుగూ అన్నాను. నేనన్నపుడల్లా నువ్వు తిరిగి అనడం దేనికి బావా, టెస్టా?" అన్నాడు.

అవును, టెస్టే అన్నాను. అంతకన్నా ఏం చెప్పను? సెట్టింగు అంకెలు చేత్తో కొట్టి, పనైపోయిందని చెప్పి వచ్చేశాను.

ఆ తర్వాత ఆ జాగా గురించి అక్కడా ఇక్కడా వాకబు చేశాను. ఇల్లు కట్టకముందు అది ఉత్త చెరుకు తోట. అక్కడ ఎవరూ చనిపోలేదు, ఏ కథా లేదు. వాళ్లింట్లో ఇప్పటికీ రోజూ సినిమాలు చూస్తారు, ఎవరికీ ఏమీ కాలేదు. చూసేటప్పుడు తలుపు తీసి పెట్టుకోమని మాత్రం చెప్పాను. గాలాడకపోతే మిషను వేడెక్కుతుందని అబద్ధమాడాను.

నాకు అంతుపట్టనిది ఒక్కటే. నేను బాదుతూ, అరుస్తూ ఉన్నంతసేపూ వాళ్లు తలుపు తీయలేదు. నేను నోరు మూసుకున్నాకే తీశారు. నా నోరు మూయించింది అదే. లేచి రాబోయిన సూరిబాబుని ఆపిందీ అదే. అది నన్ను బయటికి పంపిందో, తనకి చాలినంతసేపు లోపల ఉంచుకుందో, ఇప్పటికీ నాకు తెలియదు.