రోలు మార్క్-1 నుంచి మార్క్-4 దాకా

ఎనభైల చివర్లో మేం ముగ్గురం ఒక యుద్ధానికి సిద్ధమయ్యాం. సిద్ధం కావడానికి ఏడాదిన్నర పట్టింది. యుద్ధం మాత్రం ఒక ఆదివారం పొద్దున మొదలై టిఫిన్ వేళకు ముగిసింది.

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పరిచే పాత పుస్తకాల్లో నాకొకటి దొరకడమే దీనికంతటికీ మూలం. బల్ల మీద ఆడుకునే యుద్ధపు ఆటకు ఎవరో విదేశీయులు రాసిన నియమాల పుస్తకం అది. అట్ట లేదు. అట్టతో పాటు వెనక సగం కూడా లేదు. ఉన్న సగంలో యుద్ధ యంత్రాలను ఎలా తయారు చేసుకోవాలో ఉంది. ఎంత బరువుకు ఎన్ని కాళ్ళు పెట్టాలి, కవచం మందమైతే వేగం ఎంత తగ్గుతుంది, ఒకే యంత్రాన్ని ఎన్ని రకాలుగా మార్చుకోవచ్చు, అన్నీ వివరంగా చెప్పారు. వాటితో యుద్ధం ఎలా చేయాలో పోయిన సగంలో ఉండి ఉండాలి. మాకు దొరికింది ఆయుధ కర్మాగారమే, యుద్ధభూమి ఎవరి పొట్లాల్లోకో వెళ్ళిపోయింది.

అప్పటికి నేను బి.ఎస్సీ. అయిపోయి, ఉప్పల్‌లో మా ఇంట్లో ఉంటూ బ్యాంకు పరీక్షలు రాస్తున్నాను. రాస్తున్నాను అంటే హాల్ టికెట్లు వస్తున్నాయని అర్థం. రెండోవాడు నాచారంలో అద్దె ఇంట్లో ఉండే నా స్నేహితుడు. మా యంత్రాలన్నీ గీసింది అతనే కాబట్టి డిజైనర్ అంటాను. మూడోవాడు చిల్కానగర్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. వాళ్ళ కాకకు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఇనుము చెక్కే రెండు లేత్ మిషన్ల షాపు ఉండేది.

డిజైనర్ పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివాడు. మెషిన్ డ్రాయింగ్ తప్ప అన్నీ పాసయ్యాడు. అది రెండుసార్లు పోయింది, రాక కాదు. పరీక్షలో బోల్టు గీయమంటే, ఆ బోల్టు తర్వాతి తరాలకు కూడా ఉపయోగపడాలన్నంత శ్రద్ధగా గీసేవాడు. టైము బోల్టు దగ్గరే అయిపోయేది. డిప్లొమా చేతికొస్తే వాళ్ళ నాన్న పనిచేసే ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరవచ్చు. మూడోసారి కూడా పోతే తెనాలిలో మేనమామ ఎరువుల కొట్టు. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడో నిర్ణయమైపోయింది.

"కొట్టయితే నష్టమేంటి?" అని అడిగాను ఒకసారి.

"అక్కడ గీయడానికి ఏముంటుందిరా? బస్తా. అది కూడా బొమ్మ వేసే వస్తుంది" అన్నాడు.

అతని భయమల్లా అదే. ఇంకెవరైనా అంటే నవ్వేవాణ్ణి.

వాళ్ళ నాన్నను నేను బాబాయ్ గారు అనేవాణ్ణి. ఆయన డ్రాయింగ్ ఆఫీసులో చెకర్. ఒకరు గీసిన బొమ్మను ఆయన కొలత కొలతా చూసి, సరైనదాని మీద పసుపు పెన్సిలు, తప్పుదాని మీద ఎర్ర పెన్సిలు గీసేవారు. ప్రతి డ్రాయింగ్‌కీ కింద మూల మూడు గళ్ళుంటాయి: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. మూడు సంతకాలూ పడకుండా వాళ్ళ ఫ్యాక్టరీలో ఒక నట్టు కూడా తయారు కాదు. ఈ అలవాటు ఆయనతో పాటు సాయంత్రం బస్సెక్కి ఇంటికి వచ్చేది. వాళ్ళింట్లో సరుకుల చీటీ మీద కూడా పసుపు గీతలుండేవి. ఒకసారి చింతపండు మీద ఎరుపు చూశాను.

మా ఆటకూ ఇదే పద్ధతి పట్టుకుంది. డిజైనర్ గీస్తాడు, చిల్కానగర్ మిత్రుడు సరిచూస్తాడు, నేను ఆమోదిస్తాను. నాకు డిగ్రీ ఉంది కదా. చూసి ఆమోదించాలని ఎక్కడా రాసి లేదు.

మా మొదటి యంత్రం పేరు రోలు. పొట్టిగా, బరువుగా, ఆరు కాళ్ళతో ఉండేది. పొట్ట పాత పింగాణీ ఫ్యూజు, తల చెడిపోయిన స్పార్క్ ప్లగ్గు, ఫిరంగి అయిపోయిన రీఫిల్లు, కాళ్ళు వంచిన ఇనుప తీగ. అన్నీ నాచారం స్క్రాప్ కొట్ల దయ. అది మార్క్-1. తీగ తక్కువైనందువల్ల నాలుగు కాళ్ళతో వచ్చింది మార్క్-1ఎ. నీళ్ళు దాటడానికి మార్క్-2. మా ప్లైవుడ్ బల్ల మీద నీళ్ళు లేవు, కానీ శత్రువు తెస్తే ఏం చేస్తామన్నాడు డిజైనర్. గాయపడిన రోళ్ళను మోసుకెళ్ళే అంబులెన్సు రోలు మార్క్-2బి. ప్రతిదానికీ ట్రేసింగ్ కాగితం మీద మూడు వైపుల నుంచి బొమ్మ, కింద మార్పుల పట్టిక, ప్రతి మార్పుకూ కారణం. చిన్న మార్పు చేసినా ఉన్న యంత్రాన్ని విప్పి మళ్ళీ కట్టేవాడు. అందుకని ఏ రోజు లెక్క చూసినా ఐదు రోళ్ళలో మూడు మరమ్మతులోనే ఉండేవి.

చిల్కానగర్ మిత్రుడిది వేరే సిద్ధాంతం. అతని యంత్రం పేరు పొట్టేలు. కాళ్ళూ లేవు, ఫిరంగీ లేదు. కాక షాపులో లేత్ మీద ఒక ఇనుప కడ్డీని తిప్పి, ముందు కొద్దిగా కొన తేల్చి, పది ముక్కలు కోసుకొచ్చాడు. పదీ ఒకేలా ఉన్నాయి.

"దీంట్లో రకాలేవి?" అని అడిగాడు డిజైనర్.

"రకాలెందుకు బావా, పది ఉన్నయ్ గద."

యుద్ధం ఎలా చేయాలన్నది కూడా అతనే తేల్చాడు. "గింత ఫికర్ ఎందుకు? కేరమ్స్ స్ట్రైకర్ తీస్కో, కొట్టు. పడ్డది సచ్చింది, నిలవడ్డది బతికింది. అయిపాయె."

ఆ ఆదివారం పది పొట్టేళ్ళు వచ్చాయి, రెండు రోళ్ళు హాజరయ్యాయి. మిగతా మూడింటికి మార్పులు జరుగుతున్నాయి. మొదటి దెబ్బకు మార్క్-1ఎ పడింది. మార్క్-2 కాసేపు నిలబడి, గౌరవప్రదంగా ఒరిగింది. డిజైనర్‌కు బాధ కలిగిందనుకున్నాను. అతను బల్ల మీదికి వంగి, పడిన రోలు కాళ్ళ మధ్య దూరం స్కేలుతో కొలుస్తున్నాడు.

"ఓడిపోయినవ్ బావా" అని గుర్తు చేశాడు చిల్కానగర్ మిత్రుడు.

"తెలుసు. బరువు వెనక్కి ఉంది" అన్నాడు డిజైనర్.

ఆ మర్నాటికి మార్క్-3 బొమ్మ తయారైంది. దాన్ని భోజనాల బల్ల మీద వదిలేసి పడుకున్నాడట. పొద్దున లేచేసరికి దాని మీద ఎర్ర పెన్సిలు గీత. నేను వెళ్ళేసరికి తండ్రీకొడుకులు దాని ముందు నిలబడి ఉన్నారు.

"ఇదేంట్రా?"

"రోలు, నాన్నా."

"రోలుకు కాళ్ళెందుకు?"

"నడవడానికి."

బాబాయ్ గారు కాసేపు ఆలోచించారు. ఆ జవాబులో ఆయనకు తప్పు దొరకలేదనుకుంటాను. "నడిస్తే మరి కాలు మడిచినప్పుడు మోకాలు పొట్టకు తగులుతుంది. ప్రతి కదలికా చివరిదాకా పోనిచ్చి చూడాలి. ఎక్కడ తగులుతుందో అక్కడే ఉంటుంది తప్పు" అన్నారు, బస్సుకు టైమైందని చెప్పులేసుకుంటూ.

అప్పటినుంచి సరిచూసేవారి గడిలో చిల్కానగర్ మిత్రుడి సంతకం పోయి ఆయన పొట్టి సంతకం వచ్చింది. ఆటకు పెద్దరికం వచ్చిందని నేను సంతోషించాను. అంతకంటే ముఖ్యంగా, డిజైనర్ చేతికి వేగం వచ్చింది. వారానికి రెండు షీట్లు గీసి, ఎర్ర గీతలు పడితే దిద్ది, మళ్ళీ గీసి, మార్క్-4 వచ్చేసరికి మొత్తం షీటు రెండు గంటల్లో తేల్చేస్తున్నాడు. పరీక్ష మూడు గంటలు. ఈసారి గట్టెక్కుతాడని బాబాయ్ గారు కూడా అనుకున్నారు. పైకి అనలేదు. పరీక్షకు ముందు రోజు రెండు కొత్త పెన్సిళ్ళు తెచ్చి స్వయంగా చెక్కి పెట్టారు.

పరీక్ష రోజు గేటు దాకా నేనూ వెళ్ళాను. అతని మొహం చూస్తే తేలికపరచాలనిపించింది. "ఏ యంత్రం ఇచ్చినా మార్క్-1 గీసి ఊరుకోకు. మన పరువు పోతుంది" అన్నాను. అతను నవ్వలేదు. నా జోకులకు అతను నవ్వకపోవడం మామూలే కనుక పట్టించుకోలేదు.

మూడు గంటల తర్వాత బయటికి వస్తూ అతను నవ్వుతున్నాడు. నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

"స్క్రూ జాక్ ఇచ్చారు, బండ్లు పైకెత్తే జాకీ. విడి భాగాల బొమ్మలిచ్చి, వాటిని కలిపిన అసెంబ్లీ గీయమన్నారు. కాగితం మీదే దాన్ని పూర్తిగా కిందికి దించి చూశాను. తిప్పే కడ్డీ బాడీ అంచుకు కొడుతోంది" అన్నాడు.

"అయితే?"

"కడ్డీ దూర్చే రంధ్రం ఆరు మిల్లీమీటర్లు పైకి జరిపాను. దాంతో తల కొలత మారింది, దాని వల్ల ఇంకో రెండు మారాయి. మార్పుల పట్టిక వేసి కారణాలు కూడా రాశాను."

"వాళ్ళిచ్చింది గీశావా?"

"తప్పని తెలిశాక ఎలా గీస్తాను?"

ఇద్దరం ఉప్పల్ బస్సెక్కాం. టికెట్లు నేను తీసుకున్నాను. ఆ రోజు నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

బాబాయ్ గారు అంతా విని, ఆ జాక్‌ను ఇంట్లో మళ్ళీ గీయమన్నారు. అతను గీశాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, రెండు పెన్సిళ్ళూ పక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఎర్ర పెన్సిలు రెండుసార్లు చేతిలోకి తీసుకుని రెండుసార్లూ కింద పెట్టారు. షీటంతా పసుపైంది.

"సరిగ్గా ఉంది" అన్నారు.

"అంటే పాసవుతానా నాన్నా?"

"సరిగ్గా ఉందన్నాను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తప్పుంటే వాళ్ళకు చెప్పాలిరా. చెప్పి, వాళ్ళడిగిందే గీసివ్వాలి. నేను పాతికేళ్ళుగా ఎర్ర గీతే పెడుతున్నాను కానీ ఒకరి బొమ్మను మార్చి గీయలేదు. అది నీకు చెప్పలేదు నేను."

పాసు మార్కులకు నాలుగు తక్కువొచ్చాయి. ఇంట్లో ఎవరూ గొడవ చేయలేదు. ట్రంకు పెట్టె అటక మీంచి దింపారు, అంతే. తప్పెవరిదని అడిగేవాళ్ళుంటే గేటు దగ్గర నేనన్న మాట ఒప్పుకుందామనుకున్నాను. అడగలేదు కాబట్టి ఒప్పుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ట్రంకు పెట్టె దులుపుతుండగా చిల్కానగర్ మిత్రుడు వచ్చాడు. కాకను వెంటబెట్టుకుని వచ్చాడు.

"తెనాల్ల బస్తాలు మోస్తవా బావా? మా కాక దగ్గరికి రారాదు" అన్నాడు.

కాక గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చేతుల నిండా నూనె మరకలు, కుర్చీ పాడవుతుందని కూర్చోనన్నాడు. బాబాయ్ గారు ఆయన్ను ఒక్కటే ప్రశ్న అడిగారు. "మీ షాపులో డ్రాయింగులు ఎవరు సరిచూస్తారండీ?"

"డ్రాయింగు ఏడుంటది సారు? ఇరిగిన ముక్క తెస్తరు, గసొంటిదే చేసిస్తం."

"అది ఎందుకు విరిగిందో ఎవరూ చూడరా?"

"మాకెందుకు సారు?"

ఒక వ్యవస్థ మొత్తం సంతకాల్లేకుండా నడుస్తోందని బాబాయ్ గారికి ఆ రోజే తెలిసింది. "నెల రోజులు చూద్దాం" అన్నారు చివరికి. తెనాలికి కూడా నెల ఆగమని కబురు పెట్టారు.

నెలలో మూడు వారాలు గడిచాక నేను షాపుకు వెళ్ళాను. డిజైనర్ చొక్కాకు కూడా నూనె మరకలు వచ్చాయి. కాక నన్ను పక్కకు పిలిచాడు.

"పోరడు మంచోడే బిడ్డా. గని ఆడు చేసింది ఇరుగుతలేదు."

"మంచిదే కదా కాకా."

"మంచిదే, తెచ్చినోళ్ళకు. పిండిగిర్ని పుల్లీ ఉంటది సూడు, నెలకోపారి ఇరుగుతుండె. ఈడు ఏందో మందం పెంచిండు, మూల గుండ్రం చేసిండు. గిర్ని ఆయన మల్ల ఇటు దిక్కు రాకపాయె. జర నువ్వన్న చెప్పు."

ఏం చెప్పాలో నాకు తెలిసింది. ఇచ్చింది ఇచ్చినట్టు చెయ్యమని చెప్పాలి. కానీ ఇదివరకు ఒకసారి సలహా ఇచ్చి ఉన్నాను, ఈసారి కాక మాట మాత్రమే చేరవేశాను. డిజైనర్ అర్థం చేసుకున్నాడు. అన్నం మీద కూడా దృష్టి లేకుండా మూడు రోజులు కూర్చుని, నెలకొకసారి విరిగేలా ఒక పుల్లీ గీయడానికి ప్రయత్నించాడు.

నాలుగో రోజు అది తయారైంది. నేనూ చిల్కానగర్ మిత్రుడూ అక్కడే ఉన్నాం. కాక దాన్ని బండ మీద పెట్టి సుత్తితో ఒకటి వేశాడు. మళ్ళీ ఒకటి, ఈసారి కొంచెం గట్టిగా. తిప్పి చూశాడు.

"ఇది గూడ ఇరగదు గద?"

"ఇరగదు కాకా. చూశాను, నా వల్ల కాలేదు."

కాక సుత్తి పక్కన పెట్టి, ఎదుటి హోటల్ వైపు నాలుగు టీలకు సైగ చేశాడు. టీ సగం తాగాక, "పొద్దుగాల జర జల్ది రా. తొమ్మిదింటికి గాదు, ఎనిమిదింటికి" అన్నాడు.

తెనాలికి ఉత్తరం డిజైనర్ ఆ మధ్యాహ్నమే రాశాడు, లేత్ పక్కన ఇనుప బల్ల మీద. నాకు చూపించాడు. ఇక్కడ పని దొరికింది, కొట్లో ఇంకెవరినైనా పెట్టుకోండి, అత్తయ్యకు నమస్కారాలు. మూడే మూడు వాక్యాలు. బాగుందన్నాను. ఈసారి చదివే అన్నాను.