మేస్త్రీ వచ్చేలోగా

నేను కాపురానికి వచ్చేసరికి మా అత్తవారిది తాటాకు ఇల్లు. లేనివాళ్లు కారు. యానాం దిగువన ఏటిగట్టుకు దగ్గరగా పొలాలు, పెద్ద దొడ్డి, పశువుల సావిడి అన్నీ ఉండేవి. నా పెళ్లికి కొన్నేళ్ల ముందు ఉప్పెన వచ్చి పాత పెంకుటింటి గోడలు కరిగిపోయాయట. కర్ర స్తంభాలు నిలిచాయి కనుక అటక మీదికెక్కిన మామగారు, అత్తగారు, అప్పటికి చిన్నపిల్లాడైన మా ఆయన బతికి బయటపడ్డారు. ఆ సంగతి ఇంట్లో అందరూ ఇంతవరకే చెప్పేవారు. చెప్పి వెంటనే వేరే పనిలో పడేవారు.

సముద్రపు గాలి గట్టిగా వీచిన రోజున మా అత్తగారు బియ్యం ఏరుతూ ఏరుతూ ఉన్నట్టుండి "వస్తున్నానే, ఉండు" అనేవారు. గుమ్మంలోకి ఎవరో వచ్చారనుకుని నేను వెళ్లి చూసేదాన్ని. వాకిట్లో ఎవరూ ఉండేవారు కాదు. తిరిగొచ్చేసరికి ఆవిడ చేట ముందు అలాగే కూర్చుని ఉండేవారు. ఎవరితో మాట్లాడారని అడగాలనిపించేది, అడగలేకపోయేదాన్ని.

ఒక ఏడు పంట బాగా చేతికొచ్చింది. మామగారు మేడ కట్టించాలని నిశ్చయించారు. ధవళేశ్వరంలో దొరలకు బంగళాలు కట్టిన మేస్త్రీ ఒకాయన గురువారం వస్తానని కబురు పెట్టాడు. అంతటి పనివాణ్ణి మా ఊళ్లో ఎవరూ పిలిచి ఎరగరు.

"ఆయన అడిగినప్పుడు మనం నీళ్లు నమలకూడదు. ఏది ఎక్కడ కావాలో ముందే తేల్చుకోవాలి" అన్నారు మామగారు.

పాత ఇంటి దిబ్బ మీద గడ్డి చెక్కించారు. వంటిల్లు ఇక్కడ, ధాన్యపు కొట్టు ఇక్కడ, మండువా ఇక్కడ అని ఆయన కొలకర్రతో చూపిస్తుంటే నేను ముగ్గుపిండితో గీతలు వేశాను. ఇంకా పుట్టని ఇంటిలో నాకంటూ ఒక గది ఉందని తెలిసి సంబరపడ్డాను.

ఆ మర్నాడు ఆయన ఒక మనిషిని కొబ్బరిచెట్టు ఎక్కించి, నీళ్లు వచ్చిన ఎత్తు దగ్గర తాడు కట్టించారు. మేడగది నేల దానికి పైన ఉండాలని మేస్త్రీకి చూపించడానికి. అప్పటిదాకా ఉప్పెన నాకు ఒట్టి వినికిడి. ఆ తాడు నేను చెయ్యెత్తినా అందనంత ఎత్తున ఉంది. దాని కింద పుల్లలు ఏరుతున్నా, దూడకు గడ్డి వేస్తున్నా, నీటి అడుగున తిరుగుతున్నట్టుండేది. ఒకసారి నూతి దగ్గర నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టి నిలబడిపోయాను.

అత్తగారు మాత్రం ఆ గీతల వైపు రాలేదు. బుధవారం మధ్యాహ్నం గాలి సముద్రం వైపు నుంచి తిరిగింది. అప్పుడు వచ్చారు. పాత సింహద్వారం ఉండిన చోట నిలబడి, "మెట్లేవీ?" అన్నారు.

"లోపలే. మండువా పక్కన" అన్నారు మామగారు.

"బయట పెట్టించండి."

"బయటేంటే? దొంగలకి దారి చూపించినట్టుంటుంది."

 ఆవిడ ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. మామగారు కొలకర్ర కింద పడేసి పొలం వైపు వెళ్లిపోయారు.

నేను ఏమీ అడగకుండానే అత్తగారు చెప్పడం మొదలుపెట్టారు.

"ఉప్పెన వచ్చిన ఆవేళ మనకి కబురు తెచ్చిందెవరనుకున్నావు అమ్మాయ్? మన పాలేరు పెళ్లాం. సముద్రం వచ్చేస్తోందండీ అని అరుస్తూ, చంటిదాన్నెత్తుకుని ఊరవతల పేటలోంచి పరుగెత్తుకొచ్చింది. అది చెప్పబట్టే మేం బతికాం."

"మరి ఆవిడ?"

"ఇదిగో, ఇక్కడే, తలుపవతల నిలబడింది. తలుపు తియ్యండి అమ్మగారండీ, అంది. అప్పటికి నీళ్లు అరుగు కూడా ఎక్కలేదు. అటక నిచ్చెన దగ్గరికి రావాలంటే దేవుడి గదీ వంటిల్లూ దాటి రావాలి. పేట మనిషిని అంత లోపలికి ఎలా రానివ్వడమా అని మీ మావయ్యగారు గడియ మీద చెయ్యేసి ఆలోచించారు. నేను పక్కనే ఉన్నాను. తియ్యండి అనలేదు. ఆ ఆలోచనలో ఉండగానే నీళ్లొచ్చి పడ్డాయి. మేం నిచ్చెనెక్కుతున్నప్పుడు కూడా పిలుస్తూనే ఉంది."

వీధి వైపు తిరిగి, "బయట మెట్లుంటే ఎవరూ ఆలోచించక్కర్లేదు" అన్నారు.

ఇంటి కట్టుబాటు పోకూడదు, మనిషి ప్రాణం పోకూడదు. రెండూ కుదిరే దారి ఆవిడకు అదొక్కటే కనిపించింది. తలుపు తీస్తే సరిపోయేది కదా అని నా నోటిదాకా వచ్చింది. కానీ నేనూ అలాంటి ఇంట్లో పుట్టినదాన్నే. ఆ గడియ మీద నా చెయ్యి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

గురువారం మేస్త్రీ వచ్చాడు. గీతలన్నీ తిరిగి చూశాడు, తాడు చూశాడు. "మెట్లు ఎటు పెట్టమంటారండీ?" అని అడిగాడు. మామగారు తల వంచుకున్నారు. పరాయి మగవాళ్ల ఎదుట పడని మా అత్తగారు కొంగు నెత్తిన కప్పుకుని వాకిట్లోకి వచ్చారు.

"బయట. వీధి వైపు. పైన తలుపు పెట్టొద్దు."

మేస్త్రీ మామగారి వైపు చూశాడు. "ఆవిడ చెప్పినట్టే" అన్నారాయన, తలెత్తకుండా.

"ఆయ్, అలాగేనండి. వెడల్పెంత ఉండమంటారండీ?"

"పిల్లనెత్తుకున్న మనిషి పక్కన ఇంకో మనిషి పట్టాలి."

మేడ లేచింది. అందులో నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆ తరవాత ఒక ఏడు పెద్ద గాలివాన పట్టింది. సముద్రం రాలేదు గానీ ఏరు గట్టు తెంచుకుంది. పట్టపగలే పేటంతా మా మెట్లెక్కింది. ఎవరూ ఎవరినీ అడగలేదు. మామగారు తన గొంగళి ఒక బాలింతకు ఇచ్చి, గోడవైపు తిరిగి కూర్చున్నారు.

అత్తగారు మెట్ల పైన వానలో నిలబడి, ఎక్కి వస్తున్న ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తున్నారు. ఆఖరి మనిషి ఎక్కాక కూడా కదల్లేదు.

"లోపలికి రండి అత్తయ్యగారూ. అందరూ వచ్చేశారు" అన్నాను.

"అదింకా రావాలి" అన్నారు.

నేనూ ఆవిడ పక్కన నిలబడి కిందికి చూశాను. అడుగు మెట్టు అప్పటికే నీటిలో ఉంది.