సొర మీద ఒడ్డిన నూట ఇరవై

మొన్న ఆదివారం మధ్యాహ్నం, పెందుర్తిలో మా ఇంట్లో భోజనాలయ్యాక, టీవీలో క్విజ్ కార్యక్రమం వస్తోంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ అప్పటిదాకా గెలుచుకున్నదంతా ఒక్క ప్రశ్న మీద ఒడ్డింది. జవాబు సగం తెలుసు, సగం అనుమానం. ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేసి అడగవచ్చన్నారు. వాళ్ళ బాబాయికి చేసింది. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, నూటికి నూరుపాళ్ళు ఇదేనమ్మా, కళ్ళు మూసుకుని చెప్పెయ్ అన్నాడు. ఆమె నమ్మి చెప్పింది. తప్పయింది. కెమెరా ఆమె ముఖం మీదే నిలబడింది, వెనకాల ఏడుపు సంగీతం. నేను టీవీ కట్టేశాను. ఏమైందని మా ఆవిడ అడిగితే ఏమీ లేదన్నాను. అదీ అబద్ధమే. నాకు కోపం వచ్చింది ఆ కార్యక్రమం మీద కాదు, తెలియదు అనే చిన్నమాట నోట రాని ఆ గొంతు మీద. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ముప్ఫై ఏళ్ళ కిందట అది నాదే.

కేబుల్ కొత్తగా వచ్చిన రోజులు నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటాయి. డాబా మీంచి డాబాకి నల్లతీగలు, నెలకోసారి డబ్బులకి వచ్చే కుర్రాడు, సినిమాల మధ్య మన వీధి బట్టలకొట్టు ప్రకటన. అలాంటి ఒక కేబుల్ ఛానెల్ వాళ్ళు విశాఖలో క్విజ్ పోటీ మొదలుపెట్టారు. గెలిచినవాళ్ళని హైదరాబాదులో జరిగే పెద్ద పోటీకి పంపుతారు. నేనప్పుడు ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్ని. ఊళ్ళో నన్ను పేపరాయన అనేవారు, ఆ పిలుపు వింటే నాకు ఒళ్ళు పొంగేది.

మా బావ, అంటే అక్క భర్త, ఫిషింగ్ హార్బర్లో మరపడవల ఇంజన్లు బాగుచేసేవాడు. చదివింది ఎనిమిదో తరగతి. కాని కంటబడిన ప్రతి అక్షరమూ చదివేవాడు, మరమరాల పొట్లం కాగితంతో సహా. ఏ దేశానికి ఏ రాజధాని, ఏ నది ఎక్కడ పుట్టింది అని రేవులో పందేలు కాసి టీలు గెలిచేవాడు. క్విజ్ పోటీకి అతని పేరు ఇచ్చింది మా అక్క. మొదటి రెండు అంచెలూ నెగ్గేసరికి హార్బర్ అంతా అతన్ని తమ మనిషిగా చెప్పుకోవడం మొదలుపెట్టింది. చేపల వాసన కొట్టేవాళ్ళకి బుర్ర ఉండదనే మాట విని విని ఉన్నవాళ్ళు మరి.

ఫైనల్‌కి ముందు నాలుగు ఆదివారాలు నేను వాళ్ళింటికి వెళ్ళి అతన్ని తయారు చేశాను. అక్క ప్రశ్నలు అడిగేది, మేమిద్దరం పలకల మీద రాసేవాళ్ళం. చివరి ప్రశ్నకి ఒక పద్ధతి ఉండేది. ప్రశ్న విన్నాక, జవాబుతోపాటు మన మార్కుల్లో ఎన్ని ఒడ్డుతున్నామో కూడా పలక మీద రాయాలి. ఒప్పయితే ఒడ్డినన్ని కలుస్తాయి, తప్పయితే ఒడ్డినన్ని పోతాయి. ముందున్నవాడు వెనకవాడి మార్కుల రెట్టింపు కంటే ఒకటి ఎక్కువ వచ్చేలా ఒడ్డుకుంటే చాలు, జవాబు ఒప్పయినంత కాలం వాణ్ణి ఎవరూ కొట్టలేరు. వెనకున్నవాడికి ఒకటే దారి, ముందున్నవాడు తప్పు రాస్తాడని నమ్మకం కుదిరిన ప్రశ్న మీద ఉన్నదంతా పెట్టడం. ఇదంతా నేను గీతలు గీసి వివరిస్తుంటే మా బావ నవ్వాడు.

“దీనికింత లెక్కేటి బావా? మా సేపల ఏలంపాట లాంటిదే. పాటలో నాను సేపని సూడను. పాడేవోడి మొకం సూత్తాను.”

ఆ మాట నేను పట్టించుకోలేదు.

ఫైనల్‌కి రెండు నెలల ముందు సంగతి చెప్పాలి. ఒక ఉదయం పెద్ద జలచరం ఒకటి వలలో చిక్కి, చచ్చి, ఒడ్డుకి చేరింది. జనం విరగబడి చూశారు. వార్త నాకు మొదట చెప్పింది మా బావే, రేవు దగ్గర్నుంచి ఫోన్ చేసి, బస్సంత సొర పడింది బావా అని. విలేకరి పంపిన వార్తలో కూడా సొరచేప అనే ఉంది. నేను దాన్ని కొట్టేసి తిమింగలం అని పెట్టాను. ఎందుకు? శీర్షికలో నిండుగా ఉంటుందని. సొర అంటే మార్కెట్లో దొరికేదేగా, దాన్ని చూడటానికి ఎవరు పేపరు కొంటారు? అంత తెలివి నాది. మర్నాడు ఫొటోతో సహా మొదటి పేజీలో తిమింగలం వచ్చింది.

ఆ సాయంత్రమే బావ మా ఆఫీసు మెట్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో పేపరు.

“ఏటి బావా, సొరని తిమింగలం సేసేసినావు? మీ ఫొటోలోనే సూడు, తోక నిలువుగా నేదేటి? తిమింగలానికి తోక పరిసినట్టు అడ్డంగా ఉంటాది. దీనికి పక్కన మొప్పల సీలికలు కూడా ఉన్నాయి. మావోళ్ళు నవ్వుతన్నారు.”

సవరణ వేస్తానన్నాను. లోపలి పేజీ కింది మూలలో దానికో చోటు ఉండేది, నాలుగు వాక్యాలు పట్టేంత. రాసి తీసుకెళ్తే న్యూస్ ఎడిటర్, చేప వచ్చి ఫిర్యాదు చేసిందా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ కాగితం బుట్టలో వేశాను. వారం తర్వాత బావ అడిగితే, వేసేశాం, లోపలి పేజీలో వచ్చింది, నువ్వు చూసుకోలేదేమో అన్నాను. తడుముకోకుండా అన్నాను, ఆ టీచరమ్మ బాబాయిలాగే.

ఫైనల్ ఒక కల్యాణ మండపంలో, ఆదివారం పొద్దున్నే పెట్టారు. హార్బర్ నుంచి రెండు వ్యాన్లలో జనం వచ్చారు. ముందువరసలో ముఖ్య అతిథిగా మా న్యూస్ ఎడిటర్. మూడో వరసలో అక్కా, నేనూ. వేదిక మీద ముగ్గురు. ఒక కాలేజీ లెక్చరర్, మా బావ, పాత నగరంలో గడియారాలు బాగుచేసే సాయిబు గారు. చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి లెక్చరర్‌కి నూట నలభై, బావకి నూట ఇరవై, సాయిబు గారికి యాభై.

ప్రశ్న చదివారు. రెండు నెలల కిందట మన తీరానికి చేరిన, వేలాదిమంది చూసిన ఆ భారీ జలచరం ఏది?

మా బావ పలక ఎత్తబోతూ ఆగి, జనంలోకి చూశాడు, వెతికి వెతికి నన్ను పట్టుకున్నాడు. నన్ను చూసి చిన్నగా తలూపి రాశాడు.

పలకలు తిప్పారు. సాయిబు గారు తిమింగలం, ఐదు మార్కులు. లెక్చరర్ తిమింగలం, నూట ఒకటి. నేను నేర్పిన లెక్క ఆయనకీ తెలుసన్నమాట. మా బావ పలక మీద సొర, నూట ఇరవై. నిజం ప్రకారమైతే లెక్చరర్‌కి ముప్ఫై తొమ్మిది, బావకి రెండు వందల నలభై. కాని ప్రశ్నలడిగే ఆయన చేతిలోని అట్టముక్క మీద తిమింగలం ఉంది. అట్టకి మా పేపరు కటింగ్ అంటించి ఉంది. దాన్ని ఎత్తి అందరికీ చూపించాడు.

మా బావ లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

“అది సొరండి. ఆ పేపరు తప్పు. ఆ వార్త దిద్దిన మనిషి ఇక్కడే కూకున్నాడు, మా బావమరిదే. అడగండి.”

మండపమంతా నావైపు తిరిగింది. మైకు నా దగ్గరికి వచ్చింది. న్యూస్ ఎడిటర్ మెడ తిప్పి చూస్తున్నాడు. పేపరు రాసింది తప్పా అని అడిగారు. నేను నిలబడ్డాను కూడా, నిలబడి, పేపర్లో వచ్చిందే ఖాయం అనుకోండి అన్నాను. ఆ మాటలే అన్నాను. చప్పట్లు కొట్టారు. ఎవరో వెనకనుంచి, బావమరిదే కాదంటన్నాడు, ఇంక కూకోరా అని అరిచారు. మా బావ సున్నా మార్కులతో కూర్చున్నాడు. పలక తుడవమంటే తుడవలేదు, ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత రేవులో అతను ఏం చెప్పినా, పేపర్లో వచ్చిందేటి అని ఎగతాళి చేసేవారట. పందేలు మానేశాడు. తప్పు చెప్పని మనిషిని పదిమందిలో అబద్ధాలకోరుని చేసి, నేను ఆ నెలే సీనియర్ సబ్ ఎడిటర్ని అయ్యాను. అక్క కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. బావ మాత్రం ఒక్కమాట అనలేదు, అదే నన్ను ఎక్కువ కాల్చింది. నా అబద్ధాన్ని నమ్మి, సవరణ వచ్చిందనుకుని, ఉన్నదంతా ఒడ్డి మోసపోయాడనే ఇన్నేళ్ళూ అనుకున్నాను.

టీవీ కట్టేసిన మర్నాడు పొద్దున్నే బస్సెక్కి హార్బర్‌కి వెళ్ళాను. పని మానేసినా బావ రోజూ వల అల్లేవాళ్ళ దగ్గరికి వచ్చి కూర్చుంటాడు. పక్కన కూర్చుని, ఆ సవరణ అసలు పడలేదని చెప్పాను. ముప్ఫై ఏళ్ళు పట్టింది నాకు ఆ ఒక్క వాక్యానికి.

“తెల్సు బావా,” అన్నాడు. “మీ అక్క నెల్లాళ్ళు లోపలి పేజీ ఎతికింది. కార్డు మీద తిమింగలమే ఉంటాదనీ తెల్సు. మీ పేపరు సూసే కదా రాత్తారు.”

మరెందుకు అంతా ఒడ్డావని అడిగాను.

“నువ్వు మూడో వరసలో ఉన్నావని. మైకిత్తే నిజం సెప్తావనుకున్నాను. సేప మీద కాదు, నీ మీద ఏసినాను. మొకం సదవడంలో నాదే తప్పు.” నవ్వి, నాకు టీ చెప్పాడు.

తిట్టి ఉంటే బాగుండేది. తిరిగి వస్తుంటే బస్సులో ఒకాయన ఫోనులో వీడియో చూస్తున్నాడు, ఏదో ఒడ్డున పడిన జలచరం, తోక నిలువుగానే ఉంది, కింద తిమింగలం అని రాశారు. దిద్దడానికి అక్కడ నాలుగు వాక్యాల చోటు కూడా లేదు. పాతమిత్రులు కలిసినప్పుడల్లా, ఒకప్పుడు పేపర్లో వచ్చిందంటే వేదమని, ఫోన్లు వచ్చి ఆ నమ్మకాన్ని ఎత్తుకుపోయాయని వాపోతారు. నాకు ఒళ్ళు మండుతుంది. దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. ఒక ఆదివారం పొద్దున్న, చేతిలో మైకు పెట్టుకుని, చప్పట్ల మధ్య నేనే పారేశాను.

అక్క పోయి నాలుగేళ్ళయింది. బావ ఇప్పటికీ పేపరు వేయించుకుంటాడు. రాగానే మొదటి పేజీ చూడడు, లోపలికి తిప్పి కింది మూల చూస్తాడు. అలవాటైపోయింది అంటాడు.