రాలిన పూత

ఇవాళ పదకొండో తరగతి బయాలజీ ప్రాక్టికల్‌కు ఒక్కొక్కరినీ ఒక మామిడి పూత గుత్తి తెమ్మన్నాను. నూజివీడు చుట్టూ తోటలే కాబట్టి ఇంతకంటే తేలికైన పని ఉండదనుకున్నాను. తీరా చూస్తే అందరూ కాగితం పొట్లాల్లో నేల మీద ఏరిన పూలు తెచ్చారు. నాకు ఒళ్ళు మండింది.

"గుత్తి కొయ్యడానికి కూడా బద్ధకమేనా?" అన్నాను.

తోటకాపరి కూతురు నాగరత్నం లేచింది. "చెట్టు మీద పూత తుంచితే మా నాన్న ఇంట్లోకి రానివ్వడండీ. రాలినవైతే ఎవరూ ఏమనరు."

సరేనని, స్కూల్లో ఉన్న ఒక్క భూతద్దాన్నీ అందరికీ తిప్పించాను. ఏ పువ్వులోనూ అండాశయం కనిపించలేదు. రాలినవన్నీ మగపూలే.

"మరి మీరు బోర్డు మీద గీసినదాంట్లో ఉందేంటండీ?" అంది నాగరత్నం.

నేను పుస్తకం చూసి గీశాను. మామిడి పువ్వును భూతద్దంలో చూడటం నాకూ ఇవాళే మొదటిసారి.

సాయంత్రం భూతద్దం తీసుకుని, ముసునూరు దారిలో నాగరత్నం వాళ్ళ నాన్న కాపలా కాసే తోటకు సైకిలు మీద వెళ్ళాను. ఆయన నన్ను కిందికి వాలిన కొమ్మ దగ్గర నిలబెట్టి, "ఒక చేత్తో అద్దం పట్టుకోండి మాస్టారూ, రెండో చెయ్యి వెనక్కి పెట్టుకోండి" అన్నాడు. అలాగే చూశాను. అండాశయం ఉంది, ఆవగింజలో సగం కూడా లేదు.

రేపు క్లాసు ఆ తోటలోనే. పిల్లలకు చెయ్యి వెనక్కి పెట్టుకోమని ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పించుకోవాల్సి వచ్చింది నాకొక్కడికే. మీరైతే తుంచేవారా, నిజం చెప్పండి.